స్విచ్ లైటు వెలుగుతుంది, సీటు మాత్రం చల్లగానే: విశాఖ ఉప్పుగాలిలో హీటెడ్ సీటు లోపం పట్టుకోవడం

విశాఖపట్నంలో మోటారు సైకిలు సీటుకు వేడి కావాల్సిన రోజులు ఏడాదికి మహా అయితే రెండు నెలలు. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో బయల్దేరి, అనకాపల్లి, నర్సీపట్నం మీదుగా లంబసింగికో, ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కి అరకుకో వెళ్ళేవాళ్ళకే దాని విలువ తెలుస్తుంది. నగరంలో 18, 20 డిగ్రీలు ఉన్న వేళ లంబసింగిలో 5 డిగ్రీల లోపు ఉండే రోజులుంటాయి. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరు. రాత్రి బయట ఉన్నవాడు కొర్రులా బిగుసుకుపోతాడని స్థానికులు దానికి అర్థం చెబుతారు. అలాంటి చలిలో, గంటకు యాభై, అరవై కిలోమీటర్ల ఎదురుగాలిలో, స్విచ్ నొక్కితే లైటు వెలిగి సీటు మాత్రం రాయిలా చల్లగా ఉండిపోతే ఆ ప్రయాణం మొత్తం పాడవుతుంది.

మరుసటి వారం బండి మెకానిక్ దగ్గరికి వెళ్తుంది. చాలాసార్లు వచ్చే తీర్పు ఒకటే: "లోపల ప్యాడ్ పోయింది, సీటు విప్పాలి." సీటు వర్క్స్ షాపులో కవరు విప్పి, కొత్త ప్యాడ్ వేసి, మళ్ళీ పిన్నులు కొడతారు. కొన్నిసార్లు బాగవుతుంది. కొన్నిసార్లు కొత్త ప్యాడ్ కూడా పాతదానిలాగే చల్లగా ఉంటుంది. ఎందుకంటే లోపం చాలాసార్లు ప్యాడ్‌లో ఉండదు, ప్యాడ్ దాకా కరెంటు వెళ్ళే దారిలో ఉంటుంది. సముద్రం పక్కన, ఏడాదిలో పది నెలలు వాడకుండా వదిలేసిన ఏ కరెంటు దారికైనా ఈ గతి పడుతుంది. దాన్ని కనిపెట్టడానికి మామూలుగా చేసే రెండు పరీక్షలు, అంటే కరెంటు పారనప్పుడు వోల్టేజీ చూడటం, మిట్టమధ్యాహ్నం ప్యాడ్ చూడటం, ఈ ఊళ్ళో తప్పు జవాబే ఇస్తాయి.

సీటు లోపల ఉండే సరంజామా చిన్నది. స్పాంజికీ పైకవరుకూ మధ్య పల్చటి ప్యాడ్. అందులో సన్నని నిరోధపు తీగ గానీ, కార్బన్ ఫైబర్ పోగులు గానీ. వాటిలోంచి కరెంటు పోతే వేడెక్కుతాయి. ప్యాడ్‌లోనే ఒక మూల బటన్ అంత థర్మోస్టాట్ కూర్చుని ఉంటుంది. మితిమీరి వేడెక్కితే కరెంటు ఆపేసి, చల్లారాక మళ్ళీ కలుపుతుంది. ఆ ప్యాడ్ నుంచి రెండు వైర్లు సీటు కిందికి దిగి ఒక కనెక్టర్‌లో కలుస్తాయి. అక్కణ్ణుంచి స్విచ్, రిలే (స్విచ్ పంపే చిన్న కరెంటుతో ప్యాడ్‌కు వెళ్ళే పెద్ద కరెంటును కలిపేది), ఫ్యూజు, బ్యాటరీ. తిరుగు దారి ఎర్త్. బీఎండబ్ల్యూ పెద్ద టూరింగ్ బళ్ళకూ హోండా గోల్డ్‌వింగ్‌కూ ఈ ఏర్పాటు కంపెనీ నుంచే వస్తుంది. మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే బళ్ళకు మాత్రం విడిగా కిట్ కొని వేయించుకోవాల్సిందే. విడిగా వేయించిన వాటిలో జాయింట్లు ఎక్కువ. ఎక్కడ జాయింటు ఉంటే అక్కడ అనుమానించాలి.

కొన్ని అంకెలు చూస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. ప్యాడ్ నిరోధం 4 ఓములు అనుకుందాం. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర సుమారు 14 వోల్టులు ఉంటాయి. అప్పుడు 3.5 ఆంపియర్ల కరెంటు పారి 49 వాట్ల వేడి పుడుతుంది. ఇప్పుడు దారిలో ఎక్కడో ఒక కనెక్టర్ పిన్నుకు చిలుము పట్టి ఒక్క ఓము నిరోధం చేరిందనుకుందాం. కరెంటు 2.8 ఆంపియర్లకు పడిపోతుంది. ప్యాడ్‌లో పుట్టే వేడి 31 వాట్లకు దిగుతుంది. మిగిలిన దాదాపు 8 వాట్లు ఆ చిలుము పట్టిన పిన్ను దగ్గరే పుడతాయి. గోరంత చోట 8 వాట్లంటే ప్లాస్టిక్ మెత్తబడటానికి చాలు. వేడికి పిన్ను పట్టు వదులవుతుంది, వదులైన కొద్దీ నిరోధం పెరుగుతుంది. సీటు చల్లగా ఉండి, సీటు కింద కనెక్టర్ మాత్రం గోధుమరంగుకు తిరిగి వంకరపోయి కనిపించిందంటే కథ అంతా అక్కడే ఉంది. వేడి పుడుతోంది, పుట్టకూడని చోట పుడుతోంది.

ఇంత చిలుము ఇక్కడే ఎందుకు? బీచ్ రోడ్డు నుంచి రుషికొండ, భీమిలి దాకా కాపురం ఉన్నవాళ్ళకు కిటికీ ఊచల సంగతి తెలుసు, ఏసీ బయటి పెట్టె సంగతీ తెలుసు. అలలు విరిగినప్పుడు లేచే సన్నని తుంపర గాలిలో కలిసి ఉప్పును లోపలిదాకా మోసుకొస్తుంది. ఉప్పుకు ఒక గుణం ఉంది: గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ తేమను పీల్చుకుని తనే కరిగి నీరవుతుంది. విశాఖలో తేమ ఆ గీత దాటే రోజులు లెక్కలేనన్ని. అంటే వాన పడకపోయినా, బండి షెడ్డులోనే ఉన్నా, పిన్నుల మీద కంటికి కనిపించని ఉప్పునీటి పొర తయారవుతూనే ఉంటుంది. రాగి మీద పచ్చటి చిలుము, ఇనుప బోల్టు కింద తుప్పు అక్కణ్ణుంచే వస్తాయి. వైరు ప్లాస్టిక్ తొడుగు లోపలికి కూడా ఈ తేమ పాకుతుంది. పైకి వైరు కొత్తదిలా ఉంటుంది. కొంచెం చెక్కి చూస్తే లోపల రాగి పోగులు నల్లగా మాడినట్టు కనిపిస్తాయి.

వాడకపోవడం ఇంకో దెబ్బ. రోజూ నొక్కే హారన్ స్విచ్ కాంటాక్టులు రాసుకుని కాస్తయినా శుభ్రపడుతుంటాయి. ఫిబ్రవరి నుంచి నవంబరు దాకా ముట్టుకోని సీటు స్విచ్ మీద పొర పేరుకుంటూ పోతుంది. అందుకే సీజన్ మొదట్లో స్విచ్‌ను పదిసార్లు ఆన్, ఆఫ్ చేసి, కనెక్టర్‌ను నాలుగుసార్లు ఊడదీసి పెట్టడం మంచి మొదలు. ఒక్కోసారి ఆ మాత్రానికే సీటు వేడెక్కుతుంది. అలా వేడెక్కితే సంతోషించి వదిలేయకూడదు. చిలుము ఎక్కడ ఉందో అది చూపించినట్టు.

ఇంకా ముందు చూడాల్సింది ఒకటుంది. బ్యాటరీ ఛార్జింగ్ కోసమో సర్వీసింగ్ కోసమో సీటు తీసినవాళ్ళు కనెక్టర్ తిరిగి పెట్టారా? పెట్టకుండా సీటు బిగించేస్తే వైరు కింద నలిగి తెగే ప్రమాదం కూడా ఉంది. అలాగే ఫ్యూజు. కంటితో చూసి తీగ బాగుందనుకుంటే సరిపోదు, ఫ్యూజు కాళ్ళూ అది కూర్చునే గూడూ పచ్చబడ్డాయేమో చూడాలి. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే అంతకంటే పెద్దది వేయడం మాత్రం చేయకూడని పని. 10 ఆంపియర్ల చోట 20 వేస్తే, తర్వాత కాలేది వైరు. ఆ వైరు పక్కనే ఉండేది మంటను ఇట్టే అందుకునే స్పాంజి.

మీటరు ఎక్కడ మోసం చేస్తుంది

ఇప్పుడు అసలు పరీక్షకు వద్దాం. కనెక్టర్ ఊడదీసి, బండి వైపు పిన్నుల్లో మల్టీమీటర్ కడ్డీలు పెట్టి, "12.6 వోల్టులు వస్తున్నాయి, సప్లై బాగుంది, కాబట్టి ప్యాడ్ పోయింది" అనడం అందరూ చేసే పని. ఇక్కడే బోల్తా పడతారు. డిజిటల్ మల్టీమీటర్ లోపలి నిరోధం మామూలుగా కోటి ఓములు. అది లాగే కరెంటు లేనట్టే లెక్క. దారిలో చిలుము వల్ల 1000 ఓముల నిరోధం ఉన్నా సరే, మీటరుకు 12.6 వోల్టులే కనిపిస్తాయి. అదే దారికి 4 ఓముల ప్యాడ్ కలిపితే పారేది ఆంపియరులో ఎనభయ్యో వంతు. దాంతో వెచ్చదనం మాట అటుంచి, చిన్న బల్బు కూడా వెలగదు. కట్టేసి ఉన్నప్పుడు కుళాయిలో నీటి ఒత్తిడి చూసి పైపు బాగుందనుకుని, తీరా తిప్పితే ధార రాకపోవడం లాంటిదిది. దారి బాగుందో లేదో కరెంటు పారుతున్నప్పుడే తెలుస్తుంది.

కాబట్టి కనెక్టర్ కలిపే ఉంచి, ఇంజిన్ నడుపుతూ, సీటు స్విచ్ ఫుల్ మీద పెట్టి కొలవాలి. మీటరు కడ్డీని కనెక్టర్ వెనక వైపు నుంచి, వైరు దూరే సందులోంచి పిన్నుకు తాకించాలి. ఎర్ర కడ్డీ బ్యాటరీ ప్లస్ మీద, నల్లది ప్యాడ్‌కు వెళ్ళే ప్లస్ వైరు మీద. అక్కడ కనిపించేది దారిలో పోయిన వోల్టేజీ. అర వోల్టు లోపు ఉంటే దారి బాగున్నట్టు. పైన చెప్పిన ఒక ఓము ఉదాహరణలో ఇది 2.8 వోల్టులు చూపిస్తుంది. తర్వాత ఇదే పని మైనస్ వైపు: ప్యాడ్ మైనస్ వైరు నుంచి బ్యాటరీ మైనస్ దాకా. ఎక్కడో వోల్టేజీ తినేస్తోందని తేలాక దారిని సగానికి సగం చేసుకుంటూ వెళ్ళాలి. ఫ్యూజుకు ఇటు, ఫ్యూజుకు అటు. రిలేకు ఇటు, అటు. స్విచ్‌కు ఇటు, అటు. నాలుగైదు కొలతల్లో దొంగ దొరుకుతాడు, సీటు కవరుకున్న ఒక్క పిన్ను కూడా పీకకుండా. మొత్తం దారిలో పోయింది తక్కువే అయి, ప్యాడ్ రెండు వైర్ల మధ్య 13 వోల్టులకు పైన నిలబడి, అయినా సీటు చల్లగా ఉంటే మాత్రం అప్పుడు అనుమానం ప్యాడ్ మీదికి వెళ్ళాలి.

మీటరు లేనివాళ్ళకు ఇండికేటర్ బల్బు చాలు. 12 వోల్టుల, 21 వాట్ల బల్బు 1.75 ఆంపియర్లు లాగుతుంది. హోల్డర్‌కు రెండు వైర్లు కట్టి, ఊడదీసిన కనెక్టర్‌లో బండి వైపు పిన్నులకు తాకిస్తే, బ్యాటరీకి నేరుగా తాకించినప్పటి వెలుగే రావాలి. మసకబారితే దారిలో లోపం. ఇది ప్యాడ్ లాగే కరెంటులో సగం మాత్రమే లాగుతుంది కాబట్టి చిన్న లోపాలను దాచేయవచ్చు. పెద్దవాటిని మాత్రం పట్టిస్తుంది. కరెంటును నేరుగా చూడాలంటే, వైరు చుట్టూ పట్టించి కొలిచే క్లాంప్ మీటరు హాయి. కాకపోతే ఇంటి వైరింగు కోసం కొన్న మామూలు క్లాంప్ ఏసీ మాత్రమే కొలుస్తుంది, బండికి డీసీ కొలిచేది కావాలి.

రిలే గురించి ఒక మాట. స్విచ్ నొక్కగానే టిక్‌మని చప్పుడు వచ్చింది కాబట్టి రిలే మంచిదే అనుకుంటారు. ఆ చప్పుడు రిలే కాళ్ళలో 85, 86 నంబర్ల మధ్య ఉండే తీగచుట్ట పని చేస్తోందని చెబుతుంది, అంతే. ప్యాడ్‌కు కరెంటు పోయేది 30 నుంచి 87కు, లోపలి కాంటాక్టుల మీదుగా. అవి మాడిపోతే కరెంటు దాటదు. టిక్‌మంటూనే కరెంటు పంపని రిలేలు ఉంటాయి. స్విచ్ లైటు కూడా ఇలాంటిదే: స్విచ్ దాకా సప్లై వచ్చిందని చెబుతుంది తప్ప, ప్యాడ్‌లో వేడి పుట్టిందని చెప్పదు.

మైనస్ దారిని విడిగా ప్రస్తావించాలి, ఎందుకంటే అందరూ ప్లస్ వైపే చూస్తారు. కిట్ వేసినప్పుడు నల్ల వైరును దగ్గర్లో దొరికిన ఏదో ఒక ఫ్రేమ్ బోల్టు కింద బిగించడం అలవాటు. అక్కడ పెయింటు ఉంటుంది. రెండు వర్షాకాలాలు పోయేసరికి పెయింటు కింద తుప్పు పాకుతుంది. హైదరాబాదులోనో అనంతపురంలోనో ఏళ్ళ తరబడి నడిచే ఈ ఏర్పాటు ఇక్కడ నడవదు. నల్ల వైరును ఫ్రేముకు వదిలేయకుండా నేరుగా బ్యాటరీ మైనస్ దాకా తీసుకెళ్ళడం వల్ల అయ్యే ఖర్చు ఒక మీటరు పొడవు వైరు ధర. సీటు చల్లబడిన బండి వచ్చినప్పుడు విశాఖ మెకానిక్ మొదట ముట్టుకోవాల్సింది ఆ ఎర్త్ బోల్టునే.

మధ్యాహ్నం చేస్తే వచ్చే తప్పు

షాపులు తెరిచేది పది దాటాక. బండి రోడ్డు పక్కన ఎండలో నిలబడుతుంది. విశాఖలో జనవరి మధ్యాహ్నమైనా నల్లటి సీటు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. ఆ వేడికి ప్యాడ్‌లోని థర్మోస్టాట్ తన పని తాను చేస్తుంది: తెరుచుకుని దారి ఆపేస్తుంది. అప్పుడు ప్యాడ్ రెండు వైర్ల మధ్య ఓములు కొలిస్తే మీటరు అనంతం చూపిస్తుంది, అంటే తీగ తెగినట్టే. తెల్లవారి నాలుగు గంటలకు అదే ప్యాడ్ నిక్షేపంగా 4 ఓములు చూపించవచ్చు. ఒకసారి తెరుచుకున్న థర్మోస్టాట్ మళ్ళీ కలవాలంటే తెరుచుకున్న వేడి కంటే ఇంకా కిందికి చల్లబడాలి. కాబట్టి నీడలోకి తెచ్చి పది నిమిషాలు ఆగితే కూడా చాలకపోవచ్చు.

ప్యాడ్‌ను కొలవడానికి సరైన వేళ తెల్లవారుజాము. షాపులో తప్పదనుకుంటే, ప్లాస్టిక్ సంచిలో ఐసు ముక్కలు వేసి మూతి కట్టి, సీటు మీద పావుగంట పెట్టి కొలవాలి. థర్మోస్టాట్ ఎక్కడుందో తెలియదు కాబట్టి సంచిని సీటంతా జరపాలి. చల్లబడ్డాక ఓములు వస్తే ప్యాడ్ బతికే ఉంది.

ఈ పొరపాటు డబ్బు వృథాతో ఆగితే ఇంతగా చెప్పనక్కర్లేదు. కవరు విప్పి చూసినవాళ్ళు "థర్మోస్టాట్ పోయింది, దీన్ని తీసేసి నేరుగా కలిపేద్దాం" అనడం ఉంది. అలా కలిపితే సీటు వేడెక్కుతుంది నిజమే, ఆ తర్వాత ఆపేది ఏదీ ఉండదు. 44 డిగ్రీల దగ్గర కూడా చర్మం గంటల తరబడి ఆనుకుని ఉంటే కాలుతుంది. మందపాటి ప్యాంటు మీద, చలికి సగం మొద్దుబారిన ఒంటికి ఆ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. చక్కెర జబ్బు వల్ల నరాల స్పర్శ తగ్గినవాళ్ళకు అసలు తెలియకపోవచ్చు. థర్మోస్టాట్ నిజంగానే పోయిందని చల్లటి సీటు మీద తేలితే, అదే రకం కొత్తది వేయాలి లేదా ప్యాడ్ మార్చాలి. తీసేసి కలపడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకూడదు.

ఇక తడి. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే రెండు మూడు రోజులు ఎడతెరిపి లేని వాన. సీటు కుట్లలోంచి నీరు స్పాంజిలోకి దిగుతుంది. పైకవరు ఒక పూటలో ఆరిపోతుంది, లోపల స్పాంజి వారాల తరబడి ఆరదు. డిసెంబరులో ప్రయాణం. 40 వాట్ల ప్యాడ్ ఉందనుకుంటే, స్పాంజిలోని అర లీటరు నీటిని 20 డిగ్రీలు వేడెక్కించడానికే 17 నిమిషాలు పడుతుంది, అదీ ఆ వేడి ఒక్క చుక్క బయటికి పోకుండా ఉంటే. వంద గ్రాముల నీరు ఆవిరి కావడానికి అదే ప్యాడ్ వేడి గంటా నలభై నిమిషాలు కావాలి. ప్యాడ్, వైర్లు, ఫ్యూజు అన్నీ బాగుండీ సీటు చల్లగా ఉండటానికి ఇదొక కారణం. సీటు తీసి మూలను గట్టిగా నొక్కితే నీరు చెమర్చుతుంది, లేదా ఎండిన సీటు కంటే బరువు తేడా తెలుస్తుంది. దీనికి మందు ఎండ, ఫ్యాను, ఓపిక. తర్వాత కుట్లు మూయించుకోవడం.

ఎండాకాలంలో ఒళ్ళు చెమట పట్టకుండా వేసుకునే జాలీ సీటు కవరు చాలా బళ్ళకు ఏడాది పొడవునా అలాగే ఉంటుంది. గాలి ఆడేలా చేయడమే దాని పని. కింద ప్యాడ్ ఎంత వేడెక్కినా ఆ గాలి పొర దాటి పైకి రాదు. ఘాట్ ఎక్కే రోజున దాన్ని తీసేయాలి.

బండి ఎలక్ట్రానిక్స్ స్వయంగా వేడిని ఆపిన సందర్భాలు వేరు. బీఎండబ్ల్యూ టూరింగ్ బళ్ళలో ఇంజిన్ నడుస్తుంటేనే సీటు హీటింగ్ మొదలవుతుంది. వోల్టేజీ తగ్గితే బండి తానే ఆపేస్తుంది. షోరూము ముందు తాళం తిప్పి, ఇంజిన్ ఆపి, "పని చేయడం లేదు" అనుకోవడం తొందరపాటు. క్యాన్ బస్ (బండిలోని ఎలక్ట్రానిక్ భాగాలు సమాచారం ఇచ్చిపుచ్చుకునే వైరింగు) ఉన్న బళ్ళలో విడి కిట్ వైర్లను ఫ్యాక్టరీ వైరింగులో ఎక్కడ పడితే అక్కడ కలిపితే బండి కంప్యూటరు దాన్ని లోపంగా చూసి ఆ దారినే మూసేయగలదు. కిట్‌కు బ్యాటరీ నుంచి సొంత ఫ్యూజుతో, రిలేతో వేరే దారి ఉండాలి.

చిన్న బళ్ళలో సమస్య ఆల్టర్నేటర్ శక్తిది. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బళ్ళలో హెడ్‌లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. హాలోజన్ అయితే బండిని బట్టి దానికే 35 నుంచి 55 వాట్లు. ముందు, వెనక రెండు ప్యాడ్లకూ కలిపి 80, వేడి గ్రిప్పులు ఉంటే అవి అదనం. ఘాట్ దిగేటప్పుడు తక్కువ ఆర్పీఎంలో ఆల్టర్నేటర్ ఇంత ఇవ్వలేకపోతే వోల్టేజీ 14 నుంచి 12కు జారుతుంది. వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, వోల్టేజీ తగ్గింది ఏడో వంతే అయినా వేడి పావు వంతుకు పైగా పోతుంది. ఎక్కేటప్పుడు వెచ్చగా ఉండి దిగేటప్పుడు చల్లబడే సీటుకు జబ్బు సీటులో లేదు.

ఇన్ని దాటాక కూడా, చల్లటి వేళ కొలిస్తే ప్యాడ్ అనంతమే చూపిస్తే, అది నిజంగానే తెగింది. తెగే చోట్లు రెండు: వైరు ప్యాడ్‌లోంచి బయటికి వచ్చే మెడ దగ్గర, లేదా కవరు బిగించేటప్పుడు పిన్ను దిగిన చోట. కార్బన్ ప్యాడ్లలో పోగులన్నీ ఒకేసారి తెగవు. 4 ఓములు ఉండాల్సింది 8 చూపిస్తే సగం పోగులు పోయాయన్నమాట, వేడీ సగమే. కొన్ని కిట్లలో తక్కువ వేడి (‘లో’) మీద రెండు ప్యాడ్లు ఒకదాని వెనక ఒకటిగా, ఎక్కువ వేడి (‘హై’) మీద పక్కపక్కనే కలుస్తాయి. అలాంటి కిట్‌లో ‘లో’ మీద ఏమీ రాక, ‘హై’ మీద ఒక ప్యాడ్ మాత్రం వెచ్చబడితే రెండోది తెగినట్టే. ఇక్కడ కవరు విప్పక తప్పదు.

దారిలో దొరికిన లోపాన్ని బాగుచేసేటప్పుడు మెలిపెట్టి నల్ల టేపు చుట్టడం పనికిరాదు. ఇక్కడి ఎండకు టేపు జిగురు కారిపోతుంది, సందులోంచి తేమ దిగుతుంది. నల్లబడిన రాగిని మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి కోసుకుంటూ పోవాలి. అవసరమైతే ముక్క మార్చాలి. వైరు కొసకు లగ్గు (లోహపు కొస) నొక్కి బిగించి (క్రింప్ చేసి), లోపల జిగురు ఉండే, వేడి చేస్తే ముడుచుకుని బిగిసే హీట్ ష్రింక్ గొట్టం తొడగాలి. కనెక్టర్ పిన్నులను కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి, ఆరాక తేమను ఆపే డైఎలెక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని గ్రీజు) పల్చగా పూయాలి. వైరును కనెక్టర్‌కు ముందు కిందికి ఒక వంపు తిప్పి కడితే, వైరు వెంట జారే నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది, పిన్నుల్లోకి రాదు. వాటర్ వాష్ చేయించేటప్పుడు సీటు కిందికి ప్రెషర్ గన్ పట్టొద్దని ముందే చెప్పాలి. చివరగా, సీటు బిగించే ముందు పైన చెప్పిన వోల్టేజీ కొలతను మరోసారి చేసి, ప్లస్ వైపు ఎంత, మైనస్ వైపు ఎంత అని బండి పుస్తకం వెనక అట్ట మీద తేదీతో రాసిపెట్టుకుంటే, వచ్చే నవంబరులో మళ్ళీ కొలిచినప్పుడు పోల్చుకోవడానికి ఉంటుంది.